మందు ఇచ్చిన ముఖం

కోదాడ,
14 జూన్ 1998

కమలా,

'ప్రియమైన' అని మొదలుపెడదామనుకున్నాను. సూర్యాపేట హాస్టల్లో సారు నేర్పించిన నమూనా లేఖ గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఆ హాస్టల్లో ఒక్క కంచంలో తిన్నాం. ఆ తర్వాత నువ్వే నన్ను మీ అన్నకు చూపించి వదినను చేసుకున్నావు. ఇంక కొత్తగా ప్రియం ఎక్కడినుంచి తేను?

ఈ ఉత్తరం మీ ఇంటికి కాకుండా నీ అంగన్‌వాడీకి పంపిస్తున్నాను. మీ ఆయన దీప్లా అన్నకు, అత్తమ్మకు నా జబ్బు టీబీ అనే తెలుసు కదా. టీబీ అబద్ధం కాదు. కానీ దాని వెనక ఉన్న హెచ్‌ఐవి సంగతి, మీ అన్న మోతీలాల్‌ను తీసుకుపోయింది కూడా అదేనన్న సంగతి నీకు, నాకు, డాక్టరమ్మకు తప్ప ఎవరికీ తెలియదు. నా బిడ్డ నీలాకు పరీక్షలో ఏమీ లేదని వచ్చిన రోజున నువ్వు నా చెయ్యి పట్టుకుని ఏడ్చావు చూడు, ఆ చెయ్యి ఇప్పుడు ఎలా ఉందో చెప్పాలనే రాస్తున్నాను.

బాగుంది కమలా. జ్వరం పోయింది. దగ్గు పోయింది. సంక్రాంతి తర్వాత, నాకు పనిచ్చిన డాక్టరమ్మే కొత్త మందులు మొదలుపెట్టింది. మూడు రకాలు. ఆమెతో చదువుకున్నవాళ్ళు విదేశాల్లో ఉన్నారు, వాళ్ళు పంపిస్తున్నారు. వాటిలో ఒకటి పరగడుపున వేసుకుని బిందెడు నీళ్ళు తాగాలి, లేకపోతే మూత్రపిండాల్లో రాళ్ళొస్తాయట. కాంపౌండర్ బిక్షం ఒకటే వేళాకోళం: "మీరు తాగే నీళ్ళకి సాగర్ కాలవ కూడా చాలదండీ." మంచివాడు. మాత్ర వేళకు తనే చెంబు తెచ్చి పెడతాడు.

నర్సింగ్‌హోములో పక్కలు మార్చడం, బాలింతలకు నీళ్ళు పోయడం, అన్నీ చేస్తున్నాను. కాటా మీద నిలబెట్టి డాక్టరమ్మ చప్పట్లు కొట్టింది. "తిను పుష్పా, ఇంకా తిను," అంది. బతుకుతానేమో అనిపిస్తున్నది. ఆ మాట కాగితం మీద పెట్టడానికి భయంగా ఉంది, అయినా పెట్టాను.

నా బిడ్డకు జడలు గట్టిగా లాగి వెయ్యొద్దని చెప్పు. అంటే, నీకే చెబుతున్నాను.

పుష్ప


మిర్యాలగూడ,
5 జులై 1998

వదినా,

నీ ఉత్తరం పిల్లలకు ఉప్మా వండుతూ చదివాను. ఉప్మా మాడింది. ఆయమ్మ తిట్టింది. పోనీ.

జడలు నేనెందుకు లాగుతాను? నీ కూతురే కుదురుగా కూర్చోదు. రెండో తరగతిలో ఎక్కాలన్నీ పాట కట్టి పాడుతుంది. మిల్లుల్లో కాల్చే ఊక మసికి ఇల్లంతా నల్లబడితే గోడ మీద వేలితో నీ పేరు రాసింది. మా ఆయన దాన్ని చెరపనివ్వలేదు. ఆయనకు అదంటే ప్రాణం. రోజూ మిల్లు నుంచి వస్తూ నూకల ఉండో, బెల్లం ముక్కో తెస్తాడు.

అమ్మకు కళ్ళల్లో పొర ఇంకా ముదిరింది. మనిషిని ఆకారం పట్టి, గొంతు పట్టి గుర్తుపడుతున్నది. అన్న పేరు మాత్రం రోజుకు ఒకసారైనా తీస్తుంది. లారీ హారన్ వినపడితే మాట్లాడుతున్నది ఆపి తల తిప్పుతుంది. మేళ్లచెరువు నుంచి సిమెంటు లోడుతో అన్న మన వీధి మలుపులో కొట్టే హారన్ అది. ఇప్పుడు ఎవరు కొట్టినా అదే.

శ్రావణంలో మన తండా తీజ్ పండుగ ఉంది. ఈసారి నీలా కూడా పెద్దపిల్లలతో బుట్టలో గోధుమలు చల్లుతానని పట్టుపట్టింది. నువ్వొస్తే బాగుంటుంది. బడిలో 'అమ్మ' అని నేర్పినా, నిన్ను మాత్రం మన లంబాడీ మాటలో 'యాడి' అనే అంటుంది. నిన్న అడిగింది: "అత్తా, మా యాడికి జబ్బు తగ్గింది గద, ముఖం మళ్ళ మంచిగైందా?" జబ్బు మొదట్లో నువ్వు ఎండిపోయినట్టు అయ్యావు కదా, దానికి అదే గుర్తు. రాలేకపోతే ఒక ఫోటో పంపు. దానికి చూపిస్తాను.

నీ మరదలు,
కమల


కోదాడ,
11 ఆగస్టు 1998

కమలా,

తీజ్‌కు సెలవు దొరకలేదు. కాన్పులు ఎక్కువగా ఉన్నాయి. నీలా బుట్టలో మొలకలు ఎంత ఎత్తు వచ్చాయో రాయి.

ఫోటో ఇందులో పెట్టాను. నువ్వు పెళ్ళిలో పెట్టిన ఆకుపచ్చ చీర కట్టుకున్నాను. స్టూడియో అతను రెండుసార్లు చెప్పాడు: "దవడలు లోపలికి లాక్కోకండమ్మా, మామూలుగా ఉండండి." నేను మామూలుగానే ఉన్నాను. దీపం పక్కనుంచి పెట్టాడు, అందుకే నీడ పడింది.

నీలాకు ముద్దులు.

పుష్ప


మిర్యాలగూడ,
2 సెప్టెంబర్ 1998

వదినా,

ఇది రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను.

నీ ఫోటో వచ్చిన రోజు ఇంటికి తీసుకుపోయాను. నీలా బడిలో ఉంది. అమ్మ అరుగు మీద ఎండలో కూర్చుంది. "పుష్ప ఫోటో పంపింది," అని చేతిలో పెట్టాను. ఎండకు ఎత్తి, ముఖానికి ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకుని చూసింది. చూస్తూ చూస్తూ "మోతీ!" అని కేక పెట్టింది. "నా మోతీకి చీర ఎందుకు గట్టిండ్రే? ఎవరు గట్టిండ్రు?"

నేను లాక్కున్నాను. లాక్కుని చూశాను. వదినా, నేను కూడా చూశాను. ఆ దవడల గుంటలు, కణతల దగ్గర లోతు, కళ్ళ కింద ఎముక. అన్న ఆఖరి వారం మంచంలో ఎలా ఉన్నాడో అలాగే ఉంది. నీడ కాదు అది.

ఫోటో నీలాకు చూపించలేదు. బీరువాలో బట్టల కింద పెట్టాను. అప్పటినుంచి ఆ బీరువా తీయాలంటే ఎలాగో ఉంటుంది. అన్న లోపల ఉన్నట్టు.

నిజం చెప్పు. మందులు అయిపోయాయా? జబ్బు ముదిరిందా? బాగున్నానని నన్ను నమ్మించడానికి రాస్తున్నావా? చప్పట్లు, కాటా, బిందెడు నీళ్ళు, ఇవన్నీ కట్టుకథలా? నాకు ధైర్యం చెప్పడానికి నువ్వు అబద్ధం ఆడాల్సిన పనిలేదు. నీ బిడ్డను నేనెలాగూ చూసుకుంటాను. అబద్ధాలతో మాత్రం పోవద్దు వదినా.

కమల


కోదాడ,
4 అక్టోబర్ 1998

కమలా,

నేను అబద్ధం రాయలేదు. అదే నాకూ అంతుబట్టడం లేదు.

రక్తం హైదరాబాదు పంపించి పరీక్ష చేయించారు. జబ్బు బాగా తగ్గుముఖం పట్టిందట. కాటా ముల్లు కిందికి పోలేదు, పైకే పోయింది. ఆకలి ఉంది, బలం ఉంది. కానీ ముఖంలో కండ కరిగిపోతున్నది. చేతులు చూస్తే నరాలు తాళ్ళలాగా లేచాయి. కాళ్ళు చెరుకు గడల్లా అయ్యాయి. అరికాళ్ళలో ఎప్పుడూ చీమలు పాకుతున్నట్టు ఉంటుంది. మొన్నటి పరీక్షలో చక్కెర కూడా ఎక్కువగా వచ్చింది. మా ఇంట్లో ఎవరికీ లేదు ఆ జబ్బు.

డాక్టరమ్మ నా చెంపల మీద బొటనవేలు పెట్టి నొక్కి చూసింది. "పుష్పా, రోగం తగ్గుతోంది. కానీ ఈ మందులు ఒంట్లో కొవ్వుని వాటి ఇష్టమొచ్చినట్టు సర్దుతున్నాయి. ఎందుకో నాకూ సరిగ్గా తెలీదమ్మా. వేరే దేశాల్లో కూడా ఇలా అవుతోందని వింటున్నాను," అంది. తెలియదని చెప్పిన డాక్టరును నేను మొదటిసారి చూశాను. అందుకే నమ్మాను.

కమలా, నీకు తప్ప ఎవరికీ చెప్పలేను. మీ అన్న ఆఖరి రోజుల్లో ఆ ముఖం నేనే తుడిచేదాన్ని. తడిగుడ్డ దవడ గుంటలో దిగబడేది. ఇప్పుడు పొద్దున్నే ముఖం కడుక్కుంటుంటే నా వేళ్ళు అదే గుంటలో దిగబడుతున్నాయి. చేతులు నావి, ముఖం అతనిది. స్టీలు పళ్ళెంలో కనిపిస్తాడు. బస్సు కిటికీ అద్దంలో కనిపిస్తాడు. చూస్తాడంతే.

మొన్న లారీ స్టాండు పక్కనుంచి కొంగు కప్పుకుని వస్తున్నాను. జంగయ్య తెలుసు కదా, మీ అన్నతో బండి నడిపినవాడు. టీ తాగుతూ నన్ను చూసి "మోతీ!" అన్నాడు. గ్లాసు కింద పెట్టేశాడు. నేను ఆగి "అన్నా, నేను పుష్పను," అన్నాను. అతను వినలేదు. లారీ ఎక్కి తలుపు వేసుకున్నాడు. పాపం, ఆ మధ్యాహ్నమంతా బండి తీయలేదట.

దీపావళికి వస్తాను. నీలాను చూడకపోతే ఉండలేను. నాకు ఇంకొకటి కూడా ఉంది చెప్పాల్సింది. అది రాయడానికి చెయ్యి రావడం లేదు. సిగ్గుగా ఉంది. ఎదురుగా చెబుతాను.

పుష్ప


మిర్యాలగూడ,
9 నవంబర్ 1998

పుష్పాబాయికి,

ఏమని పిలవాలో తెలియక పేరు రాశాను.

దీపావళినాడు నువ్వు మా ఇంట్లో ఉన్నది ఎంతసేపు? వచ్చావు, కొంగు ఒళ్ళంతా చుట్టుకుని మూలన కూర్చున్నావు. అమ్మ నడిగూడెం తండాకు పోయి ఉంది, అదే నయమైంది. నీళ్ళ బిందె ఎత్తబోతే కొంగు జారింది. నేను చూశాను. మా ఆయన చూశాడు. పక్కింటి వీరమ్మ గోడమీది నుంచి చూసి, నువ్వు వీధి మలుపు తిరగకముందే నన్ను అడిగింది: "కమలా, మీ వదినెకు ఎన్నో నెల?"

చెప్పడానికి నా దగ్గర ఏముంది? అన్న పోయి మూడేళ్ళు.

'ఇంకొకటి ఉంది, రాయడానికి సిగ్గుగా ఉంది' అన్నావు. ఇదేనా? ఎవరిదని అడగకూడదనుకున్నాను. మాత్ర వేళకు చెంబు తెచ్చిపెట్టేవాడిదా? నువ్వు చిన్నదానివే, నీకూ బతుకుంది, కాదనను. ఇంకో మనువు చేసుకుంటానంటే తండాలో నీ తరఫున నేనే మాట్లాడేదాన్ని. కానీ ఆ జబ్బు పెట్టుకుని ఇంకో ప్రాణాన్ని కడుపులో పెట్టుకుంటావా? నీలాకు లేదని తేలేదాకా మనం ఎలా చచ్చి బతికామో మరిచిపోయావా?

నీలా ఆ రోజంతా బియ్యం బస్తాల వెనక నుంచి రాలేదు. అన్నం అక్కడే పెట్టాను. "గామె మా యాడి కాదు. గామె ముఖం ముసలాయన లెక్క ఉన్నది," అన్నది. రెండు రోజులు పక్క తడిపింది.

మా ఆయన మాట ఇది: "బిడ్డను గామె దగ్గరికి పంపేది లేదు. మల్లొస్తే తండా పెద్దమనుషుల్ల పెడత." నేను ఎదురు చెప్పలేదు.

ఇక్కడికి రావద్దు.

కమల


సూర్యాపేట,
13 డిసెంబర్ 1998

కమలా,

వదినగా అయితే నీకు జవాబు రాయను. ఒక్క కంచంలో తిన్నదాన్ని కాబట్టి రాస్తున్నాను.

నా కడుపులో బిడ్డ లేదు.

ఉన్నది కొవ్వు. ముఖంలోంచి, చేతుల్లోంచి, తొడల్లోంచి కరిగిందంతా వచ్చి పొట్టలో, రొమ్ముల్లో, మెడ వెనక చేరింది. మెడ వెనక ఎద్దు మూపురంలాగా లేచింది. రవికెలు పట్టడం లేదు. పొట్ట రాయిలాగా గట్టిగా ఉంటుంది. నర్సింగ్‌హోముకు వచ్చే గర్భిణులు నన్ను చూసి "నీకెప్పుడు?" అని అడుగుతారు. మీ అన్న పోయినప్పటినుంచి ఏ మగవాడి చెయ్యీ నా మీద పడలేదు. బిక్షం నాకు తమ్ముడి లెక్క. అతని పెళ్ళాం నాకు పచ్చళ్ళు పంపుతుంది. నమ్మకపోతే డాక్టరమ్మను అడుగు. ఏది అడిగినా చెప్పమని ఆమెతో అని వచ్చాను.

ఇది చెబుదామనే దీపావళికి వచ్చాను. మీ గడప దగ్గర నీలా నన్ను చూసి లోపలికి తిరిగి "అత్తా, ఎవరో ఒచ్చిన్రు," అంది.

ఎవరో.

ఆ తర్వాత ఏ సంగతీ చెప్పకుండానే బస్సెక్కాను.

ఇంక ఈ ఒళ్ళు నాకు వద్దు. దీపావళి నుంచి తిరిగొచ్చిన వారంలోనే మందులు ఆపేశాను. డాక్టరమ్మ తిట్టింది, బతిమాలింది. ఆమె ముఖం చూడలేక కోదాడ వదిలి ఇక్కడికి వచ్చాను. మన హాస్టల్ సందులో సత్తెమ్మ అని ఒకామె మెస్ నడుపుతుంది, ఆమె దగ్గర వండుతున్నాను. పొద్దున్నే ఆడపిల్లలు టిఫిన్ గిన్నెలతో వస్తారు. పొగలో నా ముఖం సరిగా కనిపించదు. హాయిగా ఉంది.

మందు ఆపితే నా ముఖం నాకు వస్తుందని నా ఆశ. కడుపు తగ్గితే అది బిడ్డ కాదని నీకే తెలుస్తుంది. తగ్గకముందే చచ్చిపోతే కోయించి చూసుకోండి. నీలాకు మాత్రం అప్పుడైనా నా ముఖం చూపించు. చచ్చినా సరే, వాళ్ళమ్మ ముఖంతో చావాలని ఉంది నాకు. వాళ్ళ నాన్న ముఖంతో కాదు.

చిరునామా వెనక రాశాను. దాన్ని వాడుకుంటావో లేదో నీ ఇష్టం.

పుష్ప


మిర్యాలగూడ,
10 జనవరి 1999

వదినా,

నీ ఉత్తరం చదివి మర్నాడే కోదాడ బస్సెక్కాను. అంగన్‌వాడీకి సెలవు కూడా చెప్పలేదు.

డాక్టరమ్మ నన్ను చూసి, నేనెవరో చెప్పకముందే "నువ్వు కమలవి కదూ," అంది. లోపలికి తీసుకుపోయి ఒక ఇంగ్లీషు పత్రిక తెరిచి ముందు పెట్టింది. దాంట్లో ఫోటోలు. తెల్లవాళ్ళు, నల్లవాళ్ళు, ఆడవాళ్ళు, మగవాళ్ళు. వదినా, అందరి ముఖాలూ ఒకటే. అవే దవడలు, అవే కణతలు. ఒకతని మెడ వెనక మూపురం. ఒకామె పక్కకు తిరిగి నిలబడింది, నిండు నెలల మనిషిలాగా ఉంది. వాళ్ళెవరైనా అన్నను ఎప్పుడైనా చూశారా, ఆ ముఖం వాళ్ళకెలా వచ్చింది?

"ఇది మీ అన్న ముఖం కాదమ్మా," అంది డాక్టరమ్మ. "ఆయన రోగంతో అలా అయ్యారు. ఈవిడ మందుతో అలా అయింది. చూడ్డానికి ఒక్కలాగే ఉంటుంది. ఆయన చావుకి దగ్గరయ్యారు, ఈవిడ దూరమైంది." పత్రిక మూసి, "మందులు ఆపితే పోయిన చెంపలు తిరిగి రావు. రోగం మాత్రం తిరిగొస్తుంది," అంది. అద్దాలు తీసి తుడుచుకుంది. బిక్షం కూడా వచ్చాడు. "అక్కని తీసుకురండమ్మా, ఈ పాడు కాలవ నీళ్ళు ఎవరు తాగుతారింక?" అన్నాడు. నవ్విద్దామని అన్నాడు. నేను అతని గురించి రాసిన మాట గుర్తొచ్చి తల ఎత్తలేకపోయాను.

ఇంటికి వచ్చి మా ఆయనకు అంతా చెప్పాను. అన్న జబ్బు, నీ జబ్బు, అంతా. కోపం వస్తుందనుకున్నాను. గొంతు చిన్నది చేసి, "బిడ్డకు?" అన్నాడు. లేదన్నాను. "మరి గిన్ని దినాలు గామె ఒక్కతే మోసిందా గిదంత?" అన్నాడు. లేచి వీరమ్మ ఇంటికి పోయి, మా వదినది కడుపు కాదు, మందు వాపు అని గట్టిగా చెప్పి వచ్చాడు. తండా పెద్దల మాట మళ్ళీ ఎత్తలేదు.

వదినా, మందులు మళ్ళీ మొదలుపెట్టు. నీలాకు నేను రోజూ చెబుతున్నాను, నీ యాడి గొంతు వినలేదా, ఆ గొంతు ఎవరిది అని. ఆలోచిస్తున్నది.

ఇంకో సంగతి. అమ్మ మంచం పట్టింది. అన్నం దిగడం లేదు. మోతీ వచ్చిపోయిండంట, నన్ను సూడకుండనే పోయిండంట, అని అందరితో అంటున్నది. దీపావళికి వచ్చిన మనిషిది ముసలాయన ముఖమని నీలా అన్న మాట, తండా నుంచి తిరిగొచ్చాక అమ్మ చెవిన పడ్డట్టుంది. ఏం చెయ్యాలో తెలియడం లేదు.

నువ్వు నన్ను తిట్టు. కానీ రా.

కమల


కోదాడ,
21 ఫిబ్రవరి 1999

కమలా,

తిట్టే ఓపిక లేదు. నోరంతా పుండ్లు పడి, పదిహేను రోజులు మంచంలో ఉన్నాను. సత్తెమ్మే బస్సెక్కించి ఇక్కడికి తెచ్చి దింపింది. మందులు మొదలుపెట్టాను. పొట్ట పెంచుతుందనుకుంటున్న మాత్రను డాక్టరమ్మ మార్చింది, మిగతావి అవే. చక్కెరకు వేరే మాత్ర. ముఖం రాదని నాకు కూడా చెప్పింది. విన్నాను. వినడం ఒకటి, ఒప్పుకోవడం ఒకటి. ఇప్పటికి విన్నాను.

కాస్త నడవగలిగితే వస్తాను. కానీ ఒక్కటి చెప్పు. అత్తమ్మ పక్కన నేను ఎవరిగా కూర్చోవాలి?

పుష్ప


మిర్యాలగూడ,
18 ఏప్రిల్ 1999

వదినా,

అమ్మ కర్మ అయిపోయింది. ఇల్లు ఖాళీగా ఉంది. ఇప్పటిదాకా నీకు రాయకపోవడానికి కారణం పని కాదు.

ఆ రోజు నువ్వు లోపలికి పోయేముందు గుమ్మం దగ్గర తల మీద కొంగు సరిచేసుకున్నావు. నేను జావ గ్లాసుతో నీ వెనకే ఉన్నాను. అమ్మ నీ అడుగుల చప్పుడుకు చెయ్యి చాచింది. నువ్వు మంచం పక్కన కూర్చున్నావు. అమ్మ రెండు చేతులతో నీ ముఖం పట్టుకుంది. నుదురు, కణతలు, దవడలు, ఒక్కొక్కటి తడిమింది. గుంటలో వేలు ఆపి అక్కడే ఉంచింది.

"మోతీ, ఎప్పుడొస్తివి?" అంది, మన భాషలో. "లోడు దించినవా?"

నువ్వు "నేను పుష్పను అత్తమ్మా" అంటావనుకున్నాను. అనాలని ఉండింది. అనొద్దనీ ఉండింది.

"దించిన యాడీ," అన్నావు.

వదినా, ఆ గొంతు నీదేనా? నేను గుమ్మంలో నిలబడి విన్నాను. అన్న అలసిపోయి వచ్చినప్పుడు మాట చివర గొంతు అలాగే కిందికి జారేది. జావ గ్లాసు చేతిలో చల్లారిపోయింది, లోపలికి అడుగు పడలేదు. అమ్మ నవ్వింది. "ఇగ బండి ఎక్కకు బిడ్డా, ఆరాం చెయ్యి," అని నీ చెంప మీద చెయ్యి వేసి కళ్ళు మూసుకుంది. అలాగే ఉండిపోయింది. ఆమె చెయ్యి చల్లబడ్డాక కూడా నువ్వు తీయలేదు.

నాకు నీ మీద కోపం లేదు. కృతజ్ఞత అనే మాట కూడా సరిపోదు. భయంగా ఉంది అంతే. ఆ మాట నువ్వు ముందే అనుకుని వచ్చావా? చెబితే నాకు నిద్ర పడుతుందేమో.

నీలా ఆ రోజు కిటికీలోంచి అంతా చూసింది. మర్నాడు నిన్ను బస్సు ఎక్కించడానికి తనే వస్తానంది, గుర్తుందా? నీ చెయ్యి పట్టుకోలేదు, కొంగు చివర పట్టుకుంది. ఎండాకాలం సెలవులకు కోదాడ పోతా అంటున్నది. నేనేమీ చెప్పలేదు, దాని అంతట అదే అంది. మా ఆయన తీసుకొస్తాడు.

కమల


కోదాడ,
6 జూన్ 1999

కమలా,

నువ్వు అడిగినదానికి ముందు జవాబు చెబుతాను. ఆ మాట నేను అనుకుని రాలేదు. అత్తమ్మ వేలు నా దవడలో ఆగినప్పుడు, అబద్ధమో నిజమో ఆలోచించే తీరిక లేదు. ఆమె అడిగింది, జవాబు వచ్చింది. నా నోట్లోంచే వచ్చింది, అది మాత్రం తెలుసు. అంతకంటే నన్ను అడగకు.

నీలా నెల రోజులు నా దగ్గర ఉంది. మొదటి రోజు దీప్లా అన్న వెళ్ళిపోతుంటే ఆయన చొక్కా వదల్లేదు. నాలుగు రోజులు నా వైపు పక్కనుంచే చూసింది. నేను పిలవలేదు. వంట చేస్తూ, బట్టలు ఉతుకుతూ, ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉన్నాను. గొంతైతే నాదే కదా. బిక్షం పెళ్ళాం వాళ్ళ పిల్లలతో చింతగింజలు ఆడించింది. ఒక మధ్యాహ్నం దానంతట అదే వచ్చి నా మెడ వెనక మూపురం మీద చెయ్యి పెట్టి "నొస్తదా?" అంది. నొప్పి లేదన్నాను. తల దానికి ఆనించి కూర్చుంది. ఆ రోజునుంచి దానికి అది దిండు అయింది.

మాత్ర మార్చాక పొట్ట కొంచెం మెత్తబడింది. చెంపలు రాలేదు. కాళ్ళలో చీమలు అలాగే ఉన్నాయి. రక్తం మాత్రం బాగుందట. "ఇలాగే ఉంటే పిల్ల పెళ్ళి చూస్తావు," అంది డాక్టరమ్మ. ఇలాగే అంటే ఈ ముఖంతోనే. ఒప్పుకున్నానని చెప్పను. కొంగు కప్పుకోకుండా బజారుకు పోతున్నాను.

ఊరికి బయల్దేరే ముందురోజు నీలా నాకు ఎదురుగా కూర్చుని జడ వేయించుకోకుండా ముఖంలోకి చూస్తూ ఉంది. "యాడీ, నాకు నాయిన యాదికి లేడు. గిట్లనే ఉండెనా?" అని అడిగింది.

"ఆఖరుకు గిట్లనే ఉండె బిడ్డా," అన్నాను.

భయపడుతుందనుకున్నాను. లేదు. ఇంకా దగ్గరికి జరిగింది. పంతులమ్మలాగా వేలు చూపించి "నవ్వు," అంది. నవ్వు రాలేదు. "నవ్వు యాడీ," అని కితకితలు పెట్టింది. నవ్వాను.

"ఇగో! నవ్వితే నాయిన పోయిండు. నువ్వొచ్చినవ్."

నేను నవ్వడం ఆపాను. అది కళ్ళు చిన్నవి చేసి చూసింది. "మళ్ళొచ్చిండు," అంది.

అదొక ఆట అయిపోయింది దానికి. నవ్వు అనేది, ఆపు అనేది. అతను పోయేవాడు, వచ్చేవాడు. పొట్ట పట్టుకుని నవ్వింది పిల్ల. దీపావళికి బస్తాల వెనక దాక్కున్న పిల్లేనా ఇది అనుకున్నాను. దసరాకు మళ్ళీ పంపించు. ఇక్కడి బడిలో చేరుస్తానంటే ఏమంటావో నువ్వూ దీప్లా అన్నా ఆలోచించండి. తొందరేమీ లేదు.

నిన్న పొద్దున బస్సెక్కించి వచ్చాను. ఇంట్లో చప్పుడు లేదు. నేను నవ్వాల్సిన పనేమీ పడలేదు నిన్నటినుంచి.

మీ అన్న ఇక్కడే ఉన్నాడు.

పుష్ప